సహజమైన మోకాలు, కృత్రిమమైన మోకాలు: వాని కదలికలు

మానవ శరీరమునందలి సంధులలో మోకాలు మిక్కిలి పెద్దది. తెలుగున తలుపును ద్వారబంధమునకు తగిలించు బందును కీలందురు; ఎముకల కూడలిని గూడ కీలనియే యందురు. ఈ మాటల పొత్తువలన కాబోలు, మోకాలు తలుపువలె ఒకే యిరుసుపై ముడుచుకొని చాచుకొను సాధనమని పలువురు తలంతురు. ఈ పొరపాటు సామాన్యులది మాత్రమే కాదు. కృత్రిమపు మోకాళ్లను మొదట నిర్మించినవారును ఇట్టి కీలునే చేసిరి. దాని ఫలితమును రోగులు అనుభవింపవలసి వచ్చెను.

మోకాలి నడక అంత సులభమైనది కాదని 1836లోనే జర్మనీ శాస్త్రజ్ఞులైన వెబర్ సోదరులు గుర్తించిరి. కాలు వంగునపుడు తొడయెముక ముంగాలి యెముకపై దొర్లుచు, జారుచు గూడ నుండునని వారు వ్రాసిరి. తొడయెముక క్రిందికొన రెండు గుండ్రని బుడిపెలుగా నుండును. ముంగాలి యెముక పైభాగము వానికి అరుగువలె అమరియుండును. బండిచక్రము దొర్లినంత మేర ముందునకో వెనుకకో సాగవలసినదే. తొడయెముక అట్లు దొర్లుట మాత్రమే చేసినచో, మనుష్యుడు గొంతుకూర్చొనులోపలనే అరుగు వెనుక అంచును దాటి పడిపోవును. బురదలో దిగబడిన చక్రమువలె ఉన్నచోటనే తిరిగినచో, తొడయెముక వెనుకభాగము అరుగు అంచునకు తగిలి వంపు ఆగిపోవును. కావున ప్రకృతి ఈ రెంటిని తగు పాళ్లలో కలిపినది.

ఈ పాళ్లు లోపలివైపునను వెలుపలివైపునను ఒక్కటి కావు. కీలకమంతయు ఇచ్చటనే యున్నది. లోపలి బుడిపె క్రింద అరుగు పళ్లెమువలె కొంచెము లోతుగా నుండును. వెలుపలి బుడిపె క్రింద చదునుగా, కొంత ఉబ్బెత్తుగా గూడ నుండును. అందువలన కాలు చాచిన స్థితినుండి 120 డిగ్రీల వరకు వంగునపుడు లోపలి బుడిపె దాదాపు ఉన్నచోటనే నిలువగా, వెలుపలిది సుమారు 2 సెంటీమీటర్లు వెనుకకు పోవును. తిరుగలి నడిమి మేకు కదలక, పిడి చుట్టు తిరుగునట్టిదే ఈ యేర్పాటు. ఇంగ్లండునకు చెందిన ఫ్రీమన్, చెక్ దేశపు వైద్యురాలు పిన్‌స్కెరోవా మొదలగువారు 2000 ప్రాంతమున ఎం.ఆర్.ఐ. చిత్రములతో దీనిని విశదపరచిరి.

మరియొక విశేషము కలదు. కాలు చాచునపుడు చివరి 20 డిగ్రీలలో ముంగాలు కొంచెము వెలుపలికి మెలిదిరిగి, మర బిగిసినట్లు సంధి బిగియును. తొడకండరములను అంతగా శ్రమపెట్టకయే మనుష్యుడు చాలసేపు నిలువగలుగుట కిది యొక కారణము. మరల వంచునపుడు వెనుకనున్న పాప్లిటియస్ అను చిన్న కండరము ఆ బిగువును సడలించును. ఈ కదలికలను త్రోవ తప్పనీయక కాపాడునవి, సంధి నడుమ కత్తెరవలె ఒకదాని నొకటి దాటిపోవు రెండు బంధనములు.

ఇక కృత్రిమ సంధుల సంగతి. 1890లో బెర్లిను నగరమున గ్లుక్ అను శస్త్రవైద్యుడు క్షయచే చెడిన మోకాలియందు దంతముతో చేసిన కీలును అమర్చెను. చీము పట్టుటవలన ఆ ప్రయత్నము నిలువలేదు. 1951లో స్వీడనుకు చెందిన వాల్డియస్ వెలువరించిన సాధనమును ఒకే యిరుసు గల కీలే. ఇట్టి కీలు మెలికను ఎరుగదు. అయితే అడుగు తిప్పిన ప్రతిసారి కాలు మెలిదిరుగక మానదు. ఆ మెలిత్రోపు సాధనమును ఎముకతో కలుపు చోట పడి, క్రమముగా దానిని వదులు చేసెను.

ఇరుసును విడిచి, ఎముకల పైతలములను మాత్రమే లోహముతోను ప్లాస్టిక్కుతోను కప్పు పద్ధతి తరువాత వచ్చినది. 1968లో ఇంగ్లండునందలి రైటింగ్‌టన్ ఆస్పత్రిలో గన్‌స్టన్ దీనికి దారి తీసెను. 1974 నాటికి న్యూయార్కున ఇన్సాల్, ఆయన సహచరులు నేటి సాధనములకు మూలమనదగిన రూపమును వాడుకలోనికి తెచ్చిరి. కాని చిక్కు మరియొక రూపమున నిలిచియే యున్నది. ప్లాస్టిక్కు ఫలకమును లోతుగా చేసినచో సంధి నిలుకడగా నుండును గాని, కదలిక తగ్గి, ఒత్తిడి ఎముకపైకి పోవును. చదునుగా చేసినచో కదలిక స్వేచ్ఛగా నుండును గాని, బరువంతయు చిన్న చోట పడి ప్లాస్టిక్కు అరగును. నేటి సాధనములన్నియు ఈ రెంటి నడుమ కుదుర్చుకొన్న రాజీలే.

పెక్కు శస్త్రచికిత్సలలో ముందరి కత్తెర బంధనమును తొలగింతురు. తత్ఫలితముగా 1990 దశాబ్దమున ఎక్స్‌రే చలనచిత్రములలో ఒక వింత కనబడెను. వంగునపుడు వెనుకకు పోవలసిన తొడభాగము, కొందరిలో ముందునకు జారుచుండెను. వెనుకటి బంధనమును గూడ తొలగించు పద్ధతిలో, ఫలకము నడుమ నొక గుంజను నిలిపి, లోహభాగమునందలి అడ్డుకమ్మి దానికి తగిలి వెనుకకు నెట్టబడునట్లు ఇన్సాల్, బర్‌స్టైనులు 1978లో కూర్చిరి. ఆ తాకిడి సుమారు 70 డిగ్రీల వంపున గాని మొదలుకాదు. అందాక ప్రకృతి పోకడ రాదు. తిరుగగల ఫలకములును వచ్చినవి గాని, కదలని ఫలకముల కంటె వానికి స్పష్టమైన ఆధిక్యము పరీక్షలలో కనబడలేదు. లోపలివైపు గిన్నెవలె లోతు చేసి, తిరుగలి పోకడను అనుకరించు సాధనములును నేడు కలవు.

నడకకు సుమారు 65 డిగ్రీల వంపు చాలును. కుర్చీనుండి లేచుటకు 90 డిగ్రీలకు పైగా వలయును. గొంతుకూర్చొనుటకు 130 డిగ్రీలు దాటవలెను. శస్త్రచికిత్స పొందిన మోకాలు సాధారణముగా 110 నుండి 120 డిగ్రీల వరకు వంగును. ఈ సాధనములు కుర్చీలు వాడు దేశములలో రూపొందినవి. నేలపై బాసింపట్టు వేసికొని పూజకో బంతి భోజనమునకో కూర్చొను అలవాటు గల తెలుగు పెద్దలకు లోటు కనబడునది ఈ తేడాలోనే.

ఎక్కువ వంపునకై చేసిన ఒక రకము సాధనములో తొడభాగము మూడింట నొక వంతుకు మించిన మోకాళ్లలో త్వరలోనే వదులైనదని కొరియా వైద్యులు 2007లో ప్రకటించిరి. గొంతుకూర్చొనువారిలోను, మోకరిల్లువారిలోను, బాసింపట్టు వేయువారిలోను ఈ నష్టము హెచ్చుగా నుండెను. ఇతరుల పరిశీలనలలో ఇంత చెరుపు కనబడలేదు గాని, వంపు లభించినంత మాత్రమున దానిని నిత్యము వాడవచ్చునని చెప్పుటకు వీలులేదు. చికిత్సకు ముందు ఎంత వంగెడిదో తరువాతి వంపు చాలవరకు దానినే అనుసరించును; కావున కాలు బిగిసిపోవువరకు జాగు చేసినవారికి ఆ మేరకు తక్కువ లభించును.

మోకరిల్లుట సంగతి వేరు. పెక్కుమందికి అది యాంత్రికముగా సాధ్యమే. అయితే ముందువైపు కోతవలన చర్మపు చిన్న నరము తెగి, మోకాటి వెలుపలి భాగమున స్పర్శ మందగించును. నేల తగిలినపుడు కలుగు ఆ వింత అనుభూతికి జంకియే పలువురు మోకరిల్లుట మానుకొనుచున్నారు.