పాత స్పోర్ట్స్ కారు కొనుగోలు – తొలి మెరుగులు

తెలుగు అధ్యాపకులు ఛందస్సును గురించో ప్రబంధాలను గురించో వ్రాయక కార్లను గురించి వ్రాయడమేమిటని ఈ సంచిక చదివే మిత్రులు కొందరు నవ్వుకొనవచ్చు. నవ్వుకొనడంలో తప్పు లేదు. అయితే మా బాల్యం కర్నూలులో మా తండ్రిగారి మరమ్మతు షెడ్డులో గడిచింది. బడి వదలగానే పుస్తకాల సంచిని గోడ మేకుకు తగిలించి, కిరోసిన్ గిన్నెలో నట్లు, బోల్టులు కడగడం మా దినచర్య. మా తండ్రిగారిని ఆ వీధిలో అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. ఎం.ఏ. పట్టా చేతికి వచ్చిన తరువాత కూడ, దారిలో ఏదైనా బండి వింతగా శబ్దం చేస్తే మా చెవి ముందుగా అటే పోతుంది.

గడచిన శీతకాలంలో మా పూర్వ విద్యార్థి ఒకడు అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుండి మాకొక జాబును, దానితో పాటు పదిహేను ఛాయాచిత్రాలను పంపాడు. అతడు చదువు ముగించి ఉద్యోగంలో చేరి రెండేండ్లయింది. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు తీరింది. ఇంటికి పంపగా మిగిలిన దానిని కూడబెట్టి, చిన్ననాటి నుండి మనసులో ఉన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి, పాతది, కొనదలచాడు. కొన్న తరువాత దానికి ఏయే మార్పులు చేయించాలో ఒక పట్టిక కూడ జతపరిచాడు. "సార్, మీరు చూసి సరేనంటేనే డబ్బు కడతాను" అని చివర వ్రాశాడు. అభిమానంతో వ్రాసిన ఆ మాట మాకు భయం కలిగించింది. పరాయి దేశంలో ఒక కుర్రవాని రెండేండ్ల పొదుపు మా మాట మీద ఆధారపడింది. మేమా, ఆ కారును కంటితో చూచినవారము కూడ కాము. అందుచేత కొంత చదివి, కొంత విచారించి అతనికి సమాధానం వ్రాశాము. ఆ సంగతులనే కొంత పెంచి ఇక్కడ ఇస్తున్నాము.

అతడు కొనదలచినది మాజ్డా ఎం.ఎక్స్.-5. అమెరికాలో దీనిని మియాటా అంటారు. మాజ్డా అనగానే మన ప్రాంతం వారికి గుర్తుకు వచ్చేది స్వరాజ్ మాజ్డా వ్యానులు. అదే జపాను సంస్థ, హిరోషిమాలో పుట్టినది. ఈ కారు వెనుక ఒక చిన్న చరిత్ర ఉన్నది. 1950, 60 దశాబ్దాలలో చిన్న, తేలికపాటి, పైకప్పు తెరచుకొనే కార్లను తయారుచేయడంలో ఇంగ్లాండు దేశానిది పెట్టింది పేరు. ఎం.జి., ట్రయంఫ్, లోటస్ అనేవి ఆ పేర్లు. మన పెద్దలకు తెలిసిన, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు ట్రయంఫ్ వారిదే. ఆ హెరాల్డ్ చట్రాన్ని కుదించి, మార్చి, వారు 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును తెచ్చారు. 1980 నాటికి ఎం.జి.బి., స్పిట్‌ఫైర్ రెండింటి తయారీ ఆగిపోయింది. నూనె కారడం, విద్యుత్తు తీగలు మొరాయించడం ఆ కార్లకు ఉన్న అపకీర్తి. అయినా వాటిని నడిపినవారు వాటిని మరచిపోలేదు. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు మాజ్డా సంస్థలో పరిశోధన వ్యవహారాలు చూచే కెనిచి యమమోతోతో, అటువంటి కారును మీరెందుకు చేయరాదని అన్నాడు. పదేండ్ల తరువాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో ప్రదర్శనలో మియాటా వెలువడింది. మొదటి తరం 1997 వరకు తయారైంది. మా విద్యార్థి చూచినవి ఆ తరంలోనివే.

తేలిక అనే మాటను ఇక్కడ కొంచెం వివరించాలి. మొదటి మియాటా బరువు సుమారు 960 కిలోలు. ఇంజను 1.6 లీటర్లది, శక్తి 116 అశ్వశక్తి. నేటి సాధారణ కుటుంబ కార్లలో పెక్కింటికి ఇంతకన్న ఎక్కువ శక్తి ఉన్నది. అటువంటప్పుడు దీనిలో గొప్ప ఏమిటి? గొప్ప ఇంజనులో లేదు, బరువులో ఉన్నది. బండిని కదిలించాలన్నా, ఆపాలన్నా, మలుపులో త్రిప్పాలన్నా అడ్డుపడేది దాని బరువే. శక్తిని పెంచితే ముందుకు దూకడం ఒక్కటే మెరుగవుతుంది. బరువు తగ్గిస్తే దూకడం, ఆగడం, మలగడం మూడూ మెరుగవుతాయి; బ్రేకులు తక్కువ వేడెక్కుతాయి, టైరు తక్కువ అరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది. వెయ్యి కిలోల బండిని ఆపడానికి బ్రేకులు ఎంత చలనశక్తిని వేడిగా మార్చాలో, అదే వేగంతో పోయే పదిహేను వందల కిలోల బండికి దానికి ఒకటిన్నర రెట్లు మార్చాలి. ఈ లెక్క మా భౌతికశాస్త్ర మిత్రులు మాకన్న చక్కగా చెప్పగలరు.

ఈ కారు రూపకర్తలు తమ లక్ష్యానికి పెట్టుకొన్న జపాను మాట 'జింబా ఇత్తై'. రౌతు, గుఱ్ఱం ఒకే శరీరమై పోవడం అని దాని భావం. నలోపాఖ్యానం చదివిన మన విద్యార్థులకు ఇది కొత్త కాదు. బాహుకుని రూపంలో ఉన్న నలుడు ఋతుపర్ణుని రథం తోలినప్పుడు ఆయనకు ఉన్న అశ్వహృదయ విద్య ఇటువంటిదే. గుఱ్ఱం మనసు తెలియనివానికి ఎన్ని గుఱ్ఱాలు కట్టినా ఫలమేమి?

ఇక కొనుగోలు సంగతి. అతడు పంపిన ఛాయాచిత్రాలు రెండు కార్లవి. ఒకటి ఎఱ్ఱనిది, 1991 నాటిది. దానికి ముందటి యజమాని టర్బో బిగించాడు; వెడల్పాటి పెద్ద చక్రాలు వేశాడు. ధర తక్కువ. రెండవది తెల్లనిది, 1994 నాటిది, ఏ మార్పూ లేనిది, ధర ఎక్కువ. అది దక్షిణ రాష్ట్రం నుండి ఈ మధ్యనే వచ్చినది. కుర్రవాని మనసు ఎఱ్ఱదాని మీదనే ఉన్నదని ఛాయాచిత్రాల సంఖ్యే చెప్పింది. ఎఱ్ఱదానివి పదమూడు, తెల్లదానివి రెండు.

ముప్పయి ఏండ్ల కారును చూడబోయేవాడు ఇంజను మూత తెరవడానికి ముందు నేల మీద పడుకొని క్రింద చూడాలి. ఇంజను చెడితే బాగు చేయవచ్చును, మరొకటి తెచ్చి పెట్టవచ్చును. ఒడలు తుప్పుపట్టితే ఖర్చుకు అంతుండదు. ఒహాయో వంటి మంచు ప్రదేశాలలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఇనుమును తినివేస్తుంది. మియాటాకు దీనికి తోడు మరొక బాధ ఉన్నది. గుడ్డ కప్పు మీద పడిన వాన సీట్ల వెనుక రెండు మూలలలోని గొట్టాల ద్వారా క్రిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు మూసుకొంటే నీరు తలుపుల క్రింది పెట్టె భాగంలోకి చేరి లోపలి నుండి తుప్పు మొదలవుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. వెనుక చక్రానికి ముందున్న ఆ భాగాన్ని వేళ్ళతో నొక్కి చూడాలి, అయస్కాంతం పెట్టి చూడాలి. అయస్కాంతం అంటకపోతే లోపల ఇనుము లేదు, పుట్టీ ఉన్నదని అర్థం. కాళ్ళ దగ్గర పరచిన తివాచీ ఎత్తి తడి ఉన్నదేమో చూడాలి. జాకీ తప్పుచోట పెట్టి అడుగు పట్టాలను నలిపివేసి ఉంటారు. అది చాల కార్లలో కనబడేదే, దానికే భయపడనక్కరలేదు.

తరువాత ఇంజను. అమ్మేవానిని ముందుగా స్టార్టు చేసి ఉంచవద్దని చెప్పాలి. మా తండ్రిగారు ఏ బండి చూడబోయినా సలాము చేసి, మాట కలుపుతూనే అరచేయి బానెట్టు మీద ఆనించేవారు. వెచ్చగా ఉంటే, చల్లని ఇంజను చెప్పే నిజాన్ని దాచడానికి దానిని ముందే నడిపారన్నమాట. ఈ జాతి కారులో 1991 నడిమి వరకు తయారైన వాటి క్రాంక్ షాఫ్టు ముందు కొస పొట్టిది. అక్కడి బోల్టు సరిగా బిగియకపోతే కప్పీ ఊగులాడి, చివరకు క్రాంక్ షాఫ్టే పాడవుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ కప్పీ వణుకుతున్నదేమో చూడాలి. టైమింగ్ బెల్టును 60,000 మైళ్ళకు ఒకసారి మార్చాలి. మార్చినట్లు రసీదు అడగాలి. అదృష్టవశాత్తు ఈ ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగులవు, బండి నిలిచిపోతుందంతే. రేడియేటరు పైనున్న ప్లాస్టిక్ తొట్టి నలుపు పోయి గోధుమరంగుకు తిరిగితే అది పగలడానికి సిద్ధంగా ఉన్నదని తెలుసుకోవాలి. క్లచ్చి క్రింద ఉండే చిన్న సిలిండరు కారడం మామూలే, ఖర్చు స్వల్పం.

మేము ఒక చోట తప్పు కూడ చెప్పాము. తెల్లకారు స్టార్టు చేసినప్పటి టకటక శబ్దాన్ని అతడు ఫోనులో వినిపించాడు. అంబాసిడర్ల మధ్య పెరిగినవారము కనుక, ట్యాపెట్లు సరిచేయించమని వెంటనే అన్నాము. "సార్, ఇందులో సరిచేసే ట్యాపెట్లు లేవు. నూనె ఒత్తిడితో వాటంతటవే సర్దుకొంటాయి" అని కుర్రవాడు మెల్లగా చెప్పాడు. అతడు చెప్పినదే నిజం. నూనె మార్చి కొంత దూరం నడిపితే ఆ శబ్దం చాలవరకు తగ్గుతుంది.

ఎఱ్ఱకారును గురించి మా అభ్యంతరం తుప్పుతో ఆగలేదు. ఒకరు సగం చేసి వదలిన పనిని మరొకరు కొనడం మంచిది కాదు. టర్బో ఇంజనులోకి గాలిని బలవంతంగా ఎక్కిస్తుంది. గాలి పెరిగినప్పుడు పెట్రోలు కూడ ఆ లెక్క ప్రకారం పెరగాలి. లేకపోతే లోపల మంట అదుపు తప్పి పిస్టన్లు కరిగిపోవచ్చు. ఆ లెక్క ఎవరు కట్టారో, ఎలా కట్టారో అమ్మేవాడు చెప్పలేకపోయాడు. పైగా 1.6 లీటర్ల కార్ల వెనుక డిఫరెన్షియల్ చిన్నది. అదనపు శక్తిని అది ఎక్కువకాలం ఓర్వదు. 1994 నుండి వచ్చిన 1.8 లీటర్ల కార్లకు డిఫరెన్షియల్ పెద్దది, బ్రేకులు కూడ పెద్దవి. బరువు కొంత పెరిగిన మాట నిజమే.

అతడు మంచులో పడుకొని ఎఱ్ఱకారుకు అయస్కాంతం పెట్టి చూచాడు. రెండు ప్రక్కలా జారి పడిపోయింది. అమ్మేవాడు చిరాకుపడ్డాడట. రెండు రోజులు మాకు ఏ కబురూ లేదు. మూడవ రోజు తెల్లకారు పత్రాల ఛాయాచిత్రం వచ్చింది. ప్రమాదంలో పాడై బీమా వారు వదలివేసిన కారైతే ఆ దేశంలో యాజమాన్య పత్రం మీద ఆ మాట ఉంటుంది. దీనిమీద అటువంటిదేమీ లేదు. అతడు దానినే కొన్నాడు.

ఇక అతని మార్పుల పట్టిక. మొదట టర్బో, తరువాత పదిహేడు అంగుళాల చక్రాలు, బండిని క్రిందికి దించే స్ప్రింగులు, పెద్దశబ్దపు సైలెన్సరు. అన్నిటికన్న చివర, డబ్బు మిగిలితే, టైర్లు. మేము ఆ పట్టికను తలక్రిందులు చేసి తిరిగి పంపాము.

మొదటి ఖర్చు కంటికి కనబడనిది. ఇంజను, గేరు, డిఫరెన్షియల్ నూనెలు, బ్రేకు నూనె, చల్లదనపు నీరు, బెల్టు, నీటి పంపు, రబ్బరు గొట్టాలు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. మరిగి ఆవిరైన చోట పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. రెండవది టైర్లు. బండికి, భూమికి మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే. ప్రక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2315 అంటే 2015లో ఇరవై మూడవ వారం. అతని కారు టైర్ల మీద ఉన్నవి ఆ అంకెలే. గాడులు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం చెక్కవలె గట్టిపడింది. మూడవది చక్రాల అమరిక. మియాటా నాలుగు చక్రాల కోణాలనూ సవరించుకొనే వీలున్నది. తెలిసినవాని చేత ఒక పూట చేయిస్తే, అంత తక్కువ ఖర్చుతో కారులో అంత మార్పు మరిదేనితోను రాదు. పెద్ద చక్రాలు ఈ కారుకు బరువు. అసలు పద్నాలుగు అంగుళాల చక్రాలే చాలు. చవక స్ప్రింగులతో క్రిందికి దించితే, సహజంగానే తక్కువ కదలిక ఉన్న సస్పెన్షను గతుకు గతుకుకూ అడుగంటుతుంది. పాతబడిన డ్యాంపర్లను మార్చడం వేరు, అది మంచి పనే. దానితో పాటు సీట్ల వెనుక ఇనుప కమాను ఒకటి బిగించమన్నాము. పైకప్పు గుడ్డది, బండి బోల్తాపడితే తలను కాపాడేది అదే.

టర్బోను మేము కొట్టివేయలేదు. పట్టిక చివరకు చేర్చి, ఒక సంవత్సరం నడిపిన తరువాత ఇంకా కావాలనిపిస్తే మరల వ్రాయమన్నాము. మా కళాశాల ప్రాంగణంలో కూడ అరిగి నున్నబడిన టైర్లతో, కొత్త సైలెన్సర్లతో మోగుతున్న మోటారు సైకిళ్ళు మాకు నిత్యం కనబడుతున్నవి. ఈ పట్టిక వారికి కూడ పనికివస్తుందని మా ఆశ.

ఏప్రిల్‌లో జాబు వచ్చింది. నూనెలు, బెల్టు, టైర్లు, అమరిక పూర్తయినవి. "సార్, బయటికి చూస్తే ఏమీ మారలేదు, నా స్నేహితులు ఏం చేయించావని అడుగుతున్నారు. కాని మలుపులో అది నేను చూచిన వైపుకు తిరుగుతున్నది" అని వ్రాశాడు. కమాను, డ్యాంపర్లు శరత్కాలానికి. నెలకొకసారి సీట్ల వెనుక గొట్టాలలో మెత్తని ప్లాస్టిక్ తీగ పోనిచ్చి ఆకులు తీస్తున్నాడట. మొదటిసారి తీసినప్పుడు గుప్పెడు వచ్చాయట.