హార్డ్‌వేర్ సరకు: మెరుపు చూసి కొంటే ఉప్పుగాలి వదలదు
పిడులు, బందుల ఎంపికలో తీరప్రాంత గృహస్థులు చూసుకోవలసిన లెక్క

సూళ్లూరుపేట: ఇల్లు కట్టించే కుటుంబం సిమెంటు, ఇనుము ధరలను రోజూ వాకబు చేస్తుంది. అలమరల పిడులు, బందులు, సొరుగుల చానెళ్ల మాట మాత్రం గృహప్రవేశం ముహూర్తం పెట్టుకున్న తరువాతగాని గుర్తుకు రాదు. అప్పటికి బ్యాంకు రుణం చివరి వాయిదా కూడా ఖర్చయి ఉంటుంది. వడ్రంగి మేస్త్రీ చీటీ రాసి ఇస్తాడు, గృహస్థు దుకాణంలో మెరిసేది చూసి కొంటాడు. లోతట్టు ఊళ్లలో ఈ పద్ధతి ఎలాగో సాగిపోవచ్చు. సూళ్లూరుపేటలో సాగదు.

కారణం గాలి. పట్టణానికి తూర్పున పులికాట్ ఉప్పునీటి సరస్సు, దానికి ఆవల శ్రీహరికోట దీవి, ఆపైన బంగాళాఖాతం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ. ఉప్పు, తేమ రెండూ కలిసి పనిచేసే చోట లోహపు పూతకు ఆయుష్షు తక్కువ. 1971లో శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగాలు మొదలైన తరువాత ఉద్యోగ కుటుంబాలతో పెరిగిన పట్టణమిది. రైలెక్కితే చెన్నై ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరమే కనుక, ఇంటి సామగ్రికి అక్కడి పారిస్ పరిసరాల దుకాణాలకు వెళ్లేవారూ ఉన్నారు. అయితే సరకు ఎక్కడ కొన్నా బిగించేది ఈ గాలిలోనే.

దుకాణపు బల్ల మీద బంగారు రంగు పిడులు నాలుగు పెడితే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి ఇత్తడి, ఒకటి వర్తకులు ‘వైట్ మెటల్’ అనే తుత్తునాగపు మిశ్రమం, ఒకటి అల్యూమినియం, ఒకటి రంగు పూసిన స్టెయిన్‌లెస్ స్టీలు కావచ్చు. ఇత్తడిలో రాగి సుమారు 60 నుంచి 70 పాళ్లు, మిగిలినది ముఖ్యంగా తుత్తునాగం. వైట్ మెటల్‌లో తుత్తునాగమే అధికభాగం, అల్యూమినియం దాదాపు 4 శాతం. ఇది అచ్చులో తేలికగా ఒదుగుతుంది కనుక పూల పనితనం గల పిడులు ఎక్కువగా దీనితోనే వస్తాయి. పైన రాగి, నికెలు, క్రోమియం పూతలు ఉంటాయి. పూతలో సూదిమొన అంత రంధ్రం ఉన్నా ఉప్పుతేమ లోపలికి దిగి తెల్లని పొడి కట్టి, పైపూత బొబ్బలెక్కి లేస్తుంది. దాన్ని ఏ మెరుగూ బాగుచేయదు.

ఇత్తడికీ చిలుము పడుతుంది. కాని చింతపండు పెట్టి తోమితే దిగివస్తుంది. పాత టేకు బీరువాల ఇత్తడి పిడులు తరాలు దాటి నిలిచింది ఇందుకే. కొత్త ఇత్తడి సరకుపై పారదర్శకమైన లక్క పూత వేస్తున్నారు. అది అక్కడక్కడ లేచిపోతే పిడి మచ్చలు పడినట్టు కనిపిస్తుంది. తోముకోగల ఓపిక ఉన్న ఇంటికి పూత లేని ఇత్తడే మేలు.

స్టీలు విషయంలో మోసపోవడం ఇంకా తేలిక. 202 రకంలో నికెలు తక్కువ, మాంగనీసు ఎక్కువ. 304 రకంలో క్రోమియం సుమారు 18, నికెలు సుమారు 8 శాతం. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండి ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్మకం. 202కూ సాధారణంగా అయస్కాంతం అంటుకోదు, కనుక ఆ పరీక్ష సగమే. పాత లోహం కొనే వర్తకులు రసాయనపు చుక్క వేసి తేల్చుకుంటారు. గృహస్థుకు బిల్లు మీద ‘304’ అని రాయించుకోవడమే దారి. ఇత్తడికి మరో గురుతు: పిడి వెనుక మరమేకు రంధ్రం లోపల పసుపు కనిపించాలి. బూడిద రంగు కనిపిస్తే అది ఇత్తడి కాదు.

ధరల ధోరణి లండన్ లోహ మార్కెట్టుతో ముడిపడి ఉన్నది. 2022 మార్చి 8న అక్కడ నికెలు టన్ను లక్ష డాలర్లు దాటగా వ్యాపారం నిలిపివేశారు. రాగి 2024 మేలో తొలిసారి 11,000 డాలర్ల మార్కు దాటింది. మొరాదాబాదు, అలీగఢ్, జామ్‌నగర్ ఇత్తడి సరకుకు, రాజ్‌కోట్ అలమర సామగ్రికి ఈ సెగ తగలక తప్పదు. లోహం ప్రియమైనప్పుడు కొందరు ధర పెంచరు, బరువు తగ్గిస్తారు. చేతిలో పట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక ఒక ఇంటి లెక్క. వంటగదికి 14 తలుపులు, పడక గదులకు 12 పొడుగు తలుపులు, పూజగది, టీవీ బల్ల, చెప్పుల గూడు కలిపి 6 అనుకుందాం. పొట్టి తలుపుకు రెండు, పొడుగు తలుపుకు నాలుగు చొప్పున బందులు 88. సొరుగులు 14 అయితే పిడులు 46, చానెళ్లు 14 జతలు. సాధారణ రకానికి, తుప్పు తట్టుకునే రకానికి బందుకు 50, పిడికి 100, చానెల్ జతకు 150 రూపాయల తేడా వేసుకున్నా మొత్తం తేడా 11,100 రూపాయలు. రెండు మూడేళ్లకే మార్చవలసి వస్తే కొత్త సరకు ధర, మేస్త్రీ కూలి రెండూ మీద పడతాయి.

అంతటితో పోదు. పిడి రంధ్రాల మధ్య దూరం 96, 128, 160 మిల్లీమీటర్లు, ఇలా 32 చొప్పున పెరుగుతుంది. పాత కొలత పిడి మళ్లీ దొరకకపోతే సన్‌మైకా మీద పాత రంధ్రాలు కనిపిస్తూనే ఉంటాయి. బందుల్లోనూ 0, 8, 16 క్రాంకు రకాలున్నవి: తలుపు చట్రాన్ని పూర్తిగా కప్పేది, సగం కప్పేది, లోపలికి ఒదిగేది. మేస్త్రీని అడగకుండా కొంటే తలుపు మూతపడదు.

డబ్బు తక్కువైన చోట ఎక్కడ తగ్గాలన్నది అసలు ప్రశ్న. పిడి పాడైతే మార్చవచ్చు, బందు బిగిస్తే తలుపే లాగుతుంది. కనుక బందు, చానెల్ స్టీలువి తీసుకుని, పిడి సాదాది పెట్టుకోవడం లాభం. చాలామంది దీనికి తిరగేసి చేస్తున్నారు. మంచి పిడికి మామూలు ఇనుప మరమేకు బిగించడం మరో పొరపాటు. తుప్పు మొదట ఆ తలమీదే పడుతుంది.

ఇల్లంతా ఒక పొందికలో కనిపించాలంటే గదికో రంగు పనికిరాదు. వంటగదికి, పడక గదులకు ఒకే సాటిన్ స్టీలు, పూజగదికి మాత్రం గంటలకు తగినట్టు ఇత్తడి, ఈ రెండింటితో ఇల్లు నిండుగానే ఉంటుంది. ‘ఆంటిక్’ రంగు ఒక దఫా సరకుకూ మరో దఫాకూ మారుతుంది కనుక మొత్తం ఒకేసారి, రెండు మూడు పిడులు అదనంగా కొనాలి. కొసలు బయటికి పొడుచుకు వచ్చిన కడ్డీ పిడులు చూపుకు బాగుంటాయి గాని, వంటగదిలో చీర కొంగును పట్టి లాగుతాయి. పెద్దవాళ్ల వేళ్లకు గుండ్రని బుడిపె కన్నా వంపు పిడి సుఖం.

గృహప్రవేశానికి ముందు టైల్సు మీది సిమెంటు మరకలు పోవడానికి ఆసిడ్‌తో కడుగుతారు. మూసి ఉన్న ఇంట్లో ఆ ఆవిరి ఒక్క రాత్రిలో కొత్త క్రోమియం పూతను, స్టీలును మచ్చలు చేయగలదు. కడిగి, గదులు ఆరి, గాలి ఆడిన తరువాతే పిడులు బిగించమని మేస్త్రీకి చెప్పాలి. చెన్నైలో కొనేవారు ముందుగా ఒక్క పిడి, ఒక్క బందు నమూనాగా తెచ్చి తలుపుకు పెట్టి చూసుకోవడం మంచిది. పొట్లం విప్పి బిగించిన సరకును వెనక్కి తీసుకునే దుకాణాలు తక్కువ.