వార్తల్లో పదం: గ్రీన్‌వాషింగ్

పర్యావరణానికి చేసిన మేలు గోరంత, ప్రచారం కొండంత అయితే అది గ్రీన్‌వాషింగ్. అమెరికా పర్యావరణవాది జే వెస్టర్‌వెల్డ్ 1986లో వాడుకలోకి తెచ్చిన మాట ఇది. ప్రకృతి కోసం తువ్వాళ్లు మళ్లీ వాడమని అతిథులను కోరే హోటళ్లపై ఆయన ఆ విమర్శ చేశారు.

మన దేశంలో దీని కట్టడికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. సోలార్, బ్యాటరీ, రీసైక్లింగ్ కంపెనీల ప్రచార విభాగాలు వీటిని క్షుణ్ణంగా చదవాలి. ‘క్లీన్’, ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’ అని ఊరికే రాస్తే కుదరదు; ఆధారం చూపాలి. ఆ గుణం మొత్తం వస్తువుదా, తయారీ విధానానిదా, ప్యాకింగ్‌దా అన్నదీ చెప్పాలి. పూర్తి వివరాలు క్యూఆర్ కోడ్‌తోనైనా ఇవ్వవచ్చు. భవిష్యత్తు లక్ష్యాలు ప్రకటించాలంటే వాటిని చేరే స్పష్టమైన ప్రణాళిక సిద్ధంగా ఉండాలి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన నిబంధన ఇదే. పత్రికా ప్రకటన రాసేవారు ముందుగా తమ ఇంజినీర్ల దగ్గర కూర్చుని లెక్కలు అడగక తప్పని పరిస్థితి దీనివల్ల వస్తుంది.

విమర్శలకు జడిసి, చేసిన మంచిని కూడా దాచుకునే కంపెనీలూ ఉన్నాయి. ఆ మౌనానికి గ్రీన్‌హషింగ్ అని పేరు. దానివల్లా నష్టమే: ఫలించిన పద్ధతి పక్క కంపెనీకి తెలియకుండా పోతుంది.