కమోడోర్ 64లో కాలం పంపకం: ప్రాసెసర్, పరికర నియంత్రకాల పరస్పర సంబంధం

1982 ఆగస్టులో అమెరికా విపణిలోకి వచ్చిన కమోడోర్ 64 గృహ కంప్యూటర్‌కు 1541 అనే ఫ్లాపీ డిస్కు డ్రైవు తోడుగా ఉండేది. అందులో డిస్కు నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. అతి తక్కువ సెక్టార్లున్న ట్రాక్‌లో సైతం 17 సెక్టార్లు, ఒక్కొక్కదానిలో 256 బైట్లు ఉంటాయి. అంటే సెకనుకు ఇరవై వేలకు పైగా బైట్లు హెడ్డు కింద నుండి సాగిపోతున్నాయన్నమాట. కంప్యూటర్‌కు చేరేవి మాత్రం సుమారు 400. నలభై కిలోబైట్ల ప్రోగ్రాము మెమరీలోకి రావడానికి నిమిషంన్నరకు పైగా పట్టేది.

ఈ మందగమనాన్ని ఆ కాలపు ప్రాసెసర్ బలహీనతగా కొట్టిపారేయడం తేలిక. అయితే కారణం ప్రాసెసర్ శక్తిలో లేదు, డిస్కు యంత్రంలోనూ లేదు. ప్రాసెసర్‌కూ, చుట్టూ ఉన్న నియంత్రక చిప్‌లకూ నడుమ కాలాన్ని ఎలా పంచారన్న దానిలో ఉంది. ఆ పంపకాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిరునామాల ఇరుకు

కమోడోర్ 64లోని 6510 ప్రాసెసర్, 1975లో వెలువడిన 6502కు అతి సన్నిహితమైన రూపం. రెండింటినీ రూపొందించినది మాస్ టెక్నాలజీ సంస్థ. 6510కు 16 చిరునామా తీగలు ఉన్నందువల్ల అది 65,536 స్థానాలను మాత్రమే గుర్తించగలదు. యంత్రంలోనేమో 64 కిలోబైట్ల ర్యామ్, 20 కిలోబైట్ల రోమ్, పరికరాల రిజిస్టర్లకు కేటాయించిన మరో 4 కిలోబైట్ల ప్రాంతం ఉన్నాయి. అరవై నాలుగు పట్టే చోట ఎనభై ఎనిమిదిని సర్దాలి.

ఇందుకోసం 6510లో ఆరు బిట్ల పోర్టును చేర్చారు. అది మెమరీలో 0, 1 చిరునామాల వద్ద కనిపిస్తుంది: మొదటిది ఒక్కొక్క బిట్ దిశను, రెండవది దాని విలువను నిర్ణయిస్తుంది. మూడు బిట్లు ఏ ప్రాంతంలో ర్యామ్ కనిపించాలో, ఎక్కడ రోమ్ కనిపించాలో తేలుస్తాయి. మిగిలిన మూడు క్యాసెట్ రికార్డరు మోటారును నడపడానికి, మీట నొక్కారో లేదో గమనించడానికి, టేపుపై రాయడానికి ఉద్దేశించినవి. ప్రాసెసర్, పరికర నియంత్రకం అనే విభజన ఇక్కడే కొంత చెరిగిపోయింది.

ఒకే మార్గంపై ఇద్దరు

మెమరీకి వెళ్లే ఉమ్మడి తీగల మార్గాన్ని, అంటే బస్‌ను, ప్రాసెసర్‌తో పాటు విక్-2 అనే చిత్ర నియంత్రక చిప్ కూడా వాడుకుంటుంది. 6502 కుటుంబపు ప్రాసెసర్లకు ప్రతి క్లాక్ స్పందనలో ఒక అర్ధభాగంలోనే బస్ అవసరం. రెండో అర్ధభాగాన్ని విక్-2కు అప్పగించారు. సెకనుకు సుమారు పది లక్షల స్పందనలలో ఇద్దరూ ఒకరికొకరు అడ్డు రాకుండా పని చేసుకుపోతారు. పొదుపైన ఏర్పాటు ఇది. ప్రత్యేక చిత్ర మెమరీ ఖర్చు తప్పించింది.

ఒక్కచోట మాత్రం ఈ ఒప్పందం సరిపోదు. తెరపై 25 వరుసలు, వరుసకు 40 అక్షరాలు. ప్రతి వరుస మొదటి గీతను గీయవలసినప్పుడు, ఆ వరుసలోని నలభై అక్షరాల సంకేతాలనూ విక్-2 అదనంగా చదవాలి. తన వాటా అర్ధభాగం అక్షరాల ఆకృతులను చదవడానికే ఖర్చవుతుంది కనుక, అది ప్రాసెసర్‌ను ఆపి దాని వాటాను కూడా తీసుకుంటుంది. ఐరోపా నమూనాలో ఒక గీత నిడివి 63 స్పందనలు. ఇటువంటి గీతలో ప్రాసెసర్‌కు మిగిలేవి ఇరవై పైచిలుకు మాత్రమే. ఎనిమిది గీతలకొకసారి, నలభై మైక్రోసెకన్లకు పైగా ప్రాసెసర్ స్తంభించిపోతుంది. మామూలు గణనకు ఇది పెద్ద నష్టం కాదు. బయటి పరికరం పంపే సంకేతాన్ని సరిగ్గా ఆ క్షణంలోనే అందుకోవలసి వస్తేనే చిక్కు.

నియంత్రకాలు, మూడు తీగలు

బయటి ప్రపంచంతో సంబంధాన్ని 6526 అనే రెండు చిప్‌లు చూసుకుంటాయి. ఒక్కొక్కదానిలో రెండు ఎనిమిది బిట్ల పోర్టులు, రెండు 16 బిట్ల టైమర్లు, ఒక గడియారం, బిట్లను వరుసగా పంపే షిఫ్ట్ రిజిస్టర్ ఉన్నాయి. మొదటి చిప్ టైమర్ సెకనుకు సుమారు 60 సార్లు ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ పంపి కీబోర్డును చూడమంటుంది. కీలు 8 అడ్డు, 8 నిలువు తీగల జాలికపై అమరి ఉంటాయి. ఒక పోర్టు ద్వారా ఒక్కొక్క తీగనూ సున్నా చేస్తూ, రెండో పోర్టులో ఏది సున్నాగా మారిందో చదివితే నొక్కిన కీ తెలుస్తుంది. జాయ్‌స్టిక్‌లు కూడా ఈ తీగలనే పంచుకుంటాయి. అందుకే ఒకటో సాకెట్‌లోని జాయ్‌స్టిక్‌ను కదిపితే తెరపై అక్కరలేని అక్షరాలు ప్రత్యక్షమయ్యేవి.

డిస్కు డ్రైవుతో మాట్లాడే బాధ్యత రెండో 6526ది. డ్రైవుకు వెళ్లే సంకేత తీగలలో ముఖ్యమైనవి మూడు: ఒకటి దృష్టిని కోరేది, ఒకటి క్లాక్, ఒకటి దత్తాంశం. అసలు కథ అంతకుముందు కమోడోర్ తెచ్చిన విక్-20తో మొదలైంది. అందులోని నియంత్రకం 6522. దాని షిఫ్ట్ రిజిస్టర్ చేతనే బిట్లను పంపించాలని తలపెట్టారు. కానీ బయటి క్లాక్ స్పందన అంచు చిప్ సొంత క్లాక్ అంచుకు మరీ సమీపంలో పడితే ఒక బిట్ జారిపోయే లోపం అందులో ఉంది. దాంతో ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారు. ప్రతి బిట్‌కూ ప్రాసెసరే తీగను దించాలి, ఎత్తాలి, ఎదుటివారి వంక చూడాలి.

6526లో ఆ లోపం లేదు. అయినా పాత పరికరాలతో పొత్తు నిలుపుకోవడానికి పాత పద్ధతినే కొనసాగించారు. పైగా విక్-20 కోసం చేసిన 1540 డ్రైవు ఒక్కొక్క బిట్‌ను సుమారు 20 మైక్రోసెకన్లు మాత్రమే తీగపై నిలిపేది. కమోడోర్ 64 ప్రాసెసర్ అంతకు రెట్టింపు కాలం స్తంభించగలదు కాబట్టి బిట్లు తప్పిపోయేవి. పరిష్కారంగా 1541 రోమ్‌లో ఆ వ్యవధిని 60 మైక్రోసెకన్లకు పెంచారు. ఒక చిప్ లోపాన్ని తప్పించుకోబోయి తెచ్చిన పద్ధతికి మరో చిప్ అవసరం తోడై, వేగం ఇంకా పడిపోయింది.

వాడుకరులు చేసుకున్న దారి

1541 నిజానికి తనంతట తానే ఒక కంప్యూటర్. అందులో 6502 ప్రాసెసర్, 2 కిలోబైట్ల ర్యామ్, 16 కిలోబైట్ల రోమ్, రెండు 6522లు ఉన్నాయి. ఒక 6522 కంప్యూటర్‌తో సంభాషిస్తే, రెండవది మోటారును, హెడ్డును నడుపుతుంది. కంప్యూటర్ నుండి ఆదేశం పంపి డ్రైవు ర్యామ్‌లో కొత్త ప్రోగ్రామును రాయవచ్చు, దాన్ని నడిపించనూవచ్చు. ప్రోగ్రామర్లు ఈ వెసులుబాటును పట్టుకున్నారు. క్లాక్ తీగను కూడా దత్తాంశానికే వినియోగించి ఒకేసారి రెండు బిట్లు పంపారు. క్లాక్ తీగ లేనందువల్ల రెండు ప్రాసెసర్లూ తమ తమ స్పందనలను లెక్కించుకుంటూ నడవాలి. డ్రైవు క్లాక్ సరిగ్గా పది లక్షలు. ఐరోపా కమోడోర్‌ది సుమారు 9,85,000, అమెరికా నమూనాది సుమారు 10,23,000. ఈ తేడా పేరుకుపోకుండా ఇద్దరూ తరచుగా మళ్లీ లయ కలుపుకోవలసిందే. మధ్యలో విక్-2 జోక్యం ఉండకూడదు. కనుకనే ఇటువంటి ప్రోగ్రాములు అనేకం లోడింగ్ జరిగినంత సేపూ తెరను ఖాళీ చేసేవి. 1984లో ఎపిక్స్ సంస్థ విడుదల చేసిన ఫాస్ట్ లోడ్ కార్ట్రిడ్జ్ సుమారు ఐదు రెట్ల వేగం సాధించింది. ఇందుకు డ్రైవులో గానీ కంప్యూటర్‌లో గానీ ఒక్క తీగనైనా మార్చనక్కరలేదు.

సంస్థ తరఫున ఈ సవరణ 1985లో జరిగింది. ఆ ఏడాది వచ్చిన కమోడోర్ 128, 1571 డ్రైవుతో మాట్లాడేటప్పుడు 6526లోని షిఫ్ట్ రిజిస్టర్‌ను ఎట్టకేలకు పనిలోకి దించింది. అదే సాకెట్‌కు 1541ను తగిలిస్తే మాత్రం మళ్లీ పాత నడకే.