బెర్లిన్‌లో ఓడిన సాయంత్రం

రష్యాకు చెందిన ఎలీనా ఇసిన్‌బయేవా సాధించిన విజయాలు క్రీడాభిమానులకు తెలిసినవే. అయితే ఆమె ఓడిపోయిన ఒక సాయంత్రం గురించి మేము ఈ వారం రాయదలిచాం. ఆ ఓటమి విషయంలో మేము చేసిన తొందరపాటు ఒకటి ఉంది.

ఎలీనా 1982లో వోల్గోగ్రాడ్‌లో పుట్టింది. తండ్రి ప్లంబర్. అయిదేళ్ల వయసులో జిమ్నాస్టిక్స్‌లో చేరింది. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ ఆటకు పనికిరానంత పొడుగైపోయింది. పదేళ్ల కష్టం వృథా అయినట్టే అనిపించే వేళ, కోచ్ యెవ్‌గేనీ త్రోఫిమోవ్ దగ్గర పోల్ వాల్ట్ మొదలుపెట్టింది. పోల్ పట్టుకొని పరుగెత్తాలి, దాని కొనను నేలలోని పెట్టెలో దించాలి. వంగిన పోల్ నిటారవుతూ మనిషిని పైకి విసురుతుంది. అప్పుడు తలకిందులై, కాళ్లు ముందుగా బార్‌ను దాటాలి. ఇలా గాలిలో ఒళ్లు తిప్పడం ఆమె చిన్ననాడే నేర్చుకుంది కదా!

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 4.91 మీటర్లతో స్వర్ణం. 2005 జూలైలో లండన్‌లో 5 మీటర్లు దాటిన తొలి మహిళ. 2008లో బీజింగ్‌లో 5.05తో మళ్లీ స్వర్ణం.

2009 ఆగస్టు 17న బెర్లిన్ ప్రపంచ పోటీలు. తక్కువ ఎత్తులన్నీ వదిలేసి ఆమె నేరుగా 4.75 దగ్గర మొదలుపెట్టింది. తప్పింది. మిగిలిన రెండు అవకాశాలను 4.80కి దాచుకుంది. ఆ రెండూ తప్పాయి. ఒక్క ఎత్తయినా దాటకుండా, ఏ పతకమూ లేకుండా మైదానం విడిచింది. పోలండ్‌కు చెందిన అన్నా రోగోవ్‌స్కా గెలిచింది.

ఆ ఆదివారమే మేము ప్రసంగంలో ఆమె పేరు చెప్పాం. సామెతల గ్రంథంలో గర్వం గురించిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదనుకున్నాం. సంఘంలో తలలు ఊగాయి. శుక్రవారం రాత్రి, అంటే ఓడిన పదకొండో రోజున, జ్యూరిచ్‌లో ఆమె 5.06 దాటింది. ఆ రికార్డును ఇంతవరకు ఏ మహిళా అధిగమించలేదు. మరుసటి ఆదివారం మేము ఆ మాటే ఎత్తలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తరువాత ఆలోచించాం. తక్కువ ఎత్తులు వదిలేయడం బలాన్ని దాచుకునే పద్ధతి. ఆమె గెలిచినప్పుడు అదే పద్ధతిని తెలివి అన్నాం. ఓడినప్పుడు గర్వం అన్నాం. ఆమె మనసులో ఏముందో మాకెలా తెలుసు?

2010లో ఆమె కొంతకాలం ఆటకు దూరమైంది. 2012లో లండన్‌లో కాంస్యమే దక్కింది. 2013లో మాస్కోలో, తన వాళ్ల ఎదుట, 4.89తో తిరిగి ప్రపంచ విజేత అయింది. చివరి ఘట్టం మాత్రం చేదుగా ముగిసింది. డోపింగ్ వ్యవహారంలో రష్యా అథ్లెటిక్స్ సమాఖ్యపై నిషేధం పడటంతో 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమెకు చోటు దక్కలేదు. ఆమె ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. మరోవైపు, మోసగాళ్ల వల్ల పతకాలు పోగొట్టుకున్న ఇతర దేశాల క్రీడాకారుల బాధా నిజమే. ఆ ఆగస్టులో రియోలోనే ఆమె ఆటకు వీడ్కోలు చెప్పింది.

ఆ వారం కూడా ప్రసంగానికి ఉదాహరణ వెతుకుతూ పత్రిక తిరగేశాం. ఆమె ఫొటో కనబడింది. పేజీ తిప్పేశాం.