తాగిన రాత్రి గోలీ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైను కింద సాయంత్రం నడిస్తే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, వాటి మధ్యే వైన్ షాపులు. చౌరస్తాలో విజయవాడ బస్సుల కోసం బ్యాగులతో నిలబడ్డ జనం. ఇక్కడ హెచ్‌ఐవీ ఎక్కువని అనడం లేదు. ఊరొదిలి వచ్చిన వయసు, చేతిలో కాస్త డబ్బు, అడిగేవాళ్లు లేని రాత్రి ఉన్నచోటల్లా మద్యానికీ హెచ్‌ఐవీకీ ఉన్న లంకె గురించి మాట్లాడుకోవాలి. 2023 అంచనాల ప్రకారం దేశంలో వయోజనుల్లో 0.20 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, తెలంగాణలో అది 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62.

ఒకే గ్లాసులో తాగితే హెచ్‌ఐవీ రాదు. మద్యం చేసే పని వేరు. ఎదురుగా ఉన్న కోరిక పెద్దగా, రేపటి భయం చిన్నగా కనిపిస్తాయి. స్టీల్, జోసెఫ్స్ అనే మనస్తత్వవేత్తలు 1990లో దీన్ని ఒకరకం హ్రస్వదృష్టి అన్నారు. జేబులోని కండోమ్ జేబులోనే ఉండిపోతుంది.

అసలు చిక్కు హెచ్‌ఐవీ ఉన్నవారి విషయంలో. మన భాషలో మద్యమూ మందే, ఔషధమూ మందే! ‘ఇయ్యాల తాగిన గదా, గోలీ వేసుకుంటే రియాక్షన్ అయితది’ అని ఆ పూట మాత్ర మానేస్తారు. నిజానికి ఇప్పుడు ఎక్కువమందికి ఇస్తున్న టెనోఫోవిర్, లామివుడిన్, డోల్యుటెగ్రావిర్ కలిసిన మాత్రకు మద్యంతో అలాంటి ప్రమాదకరమైన గొడవేమీ లేదు. మానేయడమే ప్రమాదం. వారంవారం ఇలా పూటలు పోతుంటే రక్తంలో మందు పలచబడి వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగనిదిగా మారే వీలూ ఉంటుంది. రోజూ వేసుకుని, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయిలో నిలిచినవారి నుంచి శృంగారం ద్వారా ఇతరులకు సోకదు. తాగుడు గండి కొట్టేది ఈ రక్షణకే.

అలాగని తాగమని కాదు. హెచ్‌ఐవీ దెబ్బతీసిన పేగు గోడను మద్యం ఇంకా బలహీనం చేస్తుంది. హెపటైటిస్ గానీ, క్షయ మందులు గానీ తోడైతే కాలేయానికి రెట్టింపు బరువు. ఎంత తాగుతున్నారో డాక్టరుకు దాచకండి.

మత్తులో పొరపాటు జరిగిందనిపిస్తే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. సోకకుండా ఆపే మందులు 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. సందేహం ఉంటే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.