మీకు తెలుసా? మంజీర మట్టికీ పగడానికీ పొసగదు

ఎల్లారెడ్డి వాళ్లు సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. అయినా తెలుగు తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి ఎల్లారెడ్డికి దగ్గర్లోనే పారుతోంది. అది మంజీర. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ దాటి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లనూ వాటితో వచ్చే మట్టినీ గోదావరి బంగాళాఖాతానికి చేరుస్తుంది. పగడానికి కావలసింది వెచ్చటి, తేటైన ఉప్పునీరు. వానాకాలంలో గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఎర్రనీళ్లు దానికి గిట్టవు.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. అదొక జీవి. చాలా రకాల్లో ఒక్కో జీవి జొన్నగింజంత ఉంటుంది. అవి లక్షల సంఖ్యలో పక్కపక్కనే చేరి, సున్నంతో ఇళ్లు కట్టుకుంటూ పోతే దిబ్బ తయారవుతుంది. ఆ జీవి ఒంట్లో కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి. ఎండ తగిలితే అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన పోషణ. నీళ్లు బురదగా మారితే ఎండ లోపలికి దిగదు. పైన పడిన ఒండ్రును తోసేసుకోవడానికే ఉన్న శక్తంతా ఖర్చవుతుంది. గుండ్రటి బండల్లా పెరిగే రకాలు ఏడాదికి పెరిగేది సెంటీమీటరుకు అటూ ఇటూ. అలాంటి జీవి ఏటా వరద మట్టిని తట్టుకుని దిబ్బ కట్టగలదా?

అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు గోదావరి, కృష్ణ ముఖద్వారాలకు దూరంగా అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. విశాఖ దగ్గర నీటి అడుగు రాళ్ల మీద అక్కడక్కడా పగడపు జీవులు కనిపిస్తాయి కానీ దిబ్బగా ఎదగలేదు.

మంజీర తెచ్చే మట్టి అంతా సముద్రానికి చేరుతుందనుకోకండి. 1923లో పని మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లో మొదట 29.7 టీఎంసీల నీళ్లు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడది 17.8 టీఎంసీలకు పడిపోయింది. చెరువుల్లో పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చిలో మొదలైంది కూడా ఈ ప్రాంతంలోనే, సదాశివనగర్ పాత చెరువు దగ్గర. చెరువులో తీసిన పూడిక చేనుకు బలం. పగడం మీద పడితే అదే మట్టి ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు ఎర్ర సముద్రం సంగతి చూడండి. ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా అందులో కలవదు. చుట్టూ ఎడారి, వానలు తక్కువ. అందుకే నీళ్లు అద్దంలా ఉంటాయి. చాలాచోట్ల ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే చాలు, పగడపు దిబ్బ మొదలవుతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుంచి గల్ఫ్ బాట పట్టినవాళ్లలో జెడ్డా చేరినవాళ్లు ఉంటున్నది ఆ సముద్రం ఒడ్డునే. నదులున్న చోట పుట్టి, నది లేని సముద్రం పక్కన ఏళ్ల తరబడి చెమటోడ్చినవాళ్లు ఒక్క సెలవురోజైనా ఆ నీళ్లలోకి తొంగి చూడగలిగితే బాగుండునని మనసారా కోరుకుంటాను.

అలా పడవ ఎక్కకుండా ఒడ్డు నుంచే నడిచి నీళ్లలో దిగడాన్ని షోర్ డైవింగ్ అంటారు. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే చోటు ఇండోనేషియాలోని బాలి దీవిలో ఉన్న తులాంబెన్. 1942 జనవరి 11న జపాన్ జలాంతర్గామి వేసిన టార్పెడో అమెరికా సైన్యపు సరుకు ఓడ లిబర్టీకి తగిలింది. ఓడను రేవుకు లాక్కెళ్లడానికి ప్రయత్నించారు, నీళ్లు నిండిపోవడంతో తులాంబెన్ ఒడ్డుకు ఎక్కించి వదిలేశారు. ఇరవై ఏళ్లు అక్కడే పడి ఉంది. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నేల కంపించి, ఓడ జారి నీళ్లలో పడింది. ఇవాళ అది ఒడ్డుకు కాస్త దూరంలోనే, దాదాపు 30 మీటర్ల లోతు వరకు ఒరిగి ఉంది. ఇనుము మీద పగడాలు అల్లుకుపోయాయి. అక్కడి ఒడ్డున ఇసుక కాదు, కాలు జారే నల్లటి గుండ్రాళ్లు. ఊరి ఆడవాళ్లు డైవర్ల సిలిండర్లు నెత్తిన పెట్టుకుని వాటి మీద తడబడకుండా నడిచిపోతారు. ఓడను చూసివచ్చిన వాళ్లు ఆ నడకను కూడా తప్పకుండా చెబుతారు.

జోర్డాన్‌లోని అకాబాలో 1985లో సెడార్ ప్రైడ్ అనే ఓడను కావాలనే ముంచారు. బహ్రెయిన్‌లో 2019లో ఏకంగా ఒక బోయింగ్ 747 విమానాన్నే ముంచారు. పగడాలకూ చేపలకూ గూడు ఏర్పడాలనీ, డైవర్లు రావాలనీ.

మన విశాఖ దగ్గర రుషికొండ, మంగమారిపేటల్లో, విజయనగరం జిల్లా చింతపల్లి తీరంలో స్కూబా డైవర్లు నీళ్లలోకి దిగుతుంటారు. చింతపల్లి దగ్గర నీటి అడుగున మునిగిన ఓడ ఉంది. విశాఖ తీరానికి దగ్గర్లోనే మరో శిథిలం ఉంది, 1971 డిసెంబరు 3-4 రాత్రి మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు. యుద్ధంలో పోయినవాళ్ల సమాధిగా భావించి మన నౌకాదళం దాన్ని కదిలించకుండా వదిలేసింది. శత్రువుకైనా ఇవ్వాల్సిన మర్యాద అదే.

డైవర్ వీపు మీద ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అని చాలామంది అనుకుంటారు. కాదు, మనం పీల్చే మామూలు గాలినే ఒత్తిడితో అందులో నింపుతారు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో దాదాపు 2,400 లీటర్ల గాలి పడుతుంది. 10 మీటర్ల లోతులో ఆ గాలి రెండింతలు, 20 మీటర్ల లోతులో మూడింతలు వేగంగా ఖర్చవుతుంది.

లోతుకు వెళ్లేకొద్దీ ముందు మాయమయ్యే రంగు ఎరుపు. టార్చిలైటు వేస్తే తప్ప ఎర్ర పగడం బూడిద రంగులోనే కనిపిస్తుంది.

డైవింగ్‌లో ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. నిజాంసాగర్ పూర్తి నీటిమట్టం 1,405 అడుగులు, అంటే సముద్రమట్టానికి 428 మీటర్ల పైన. 300 మీటర్ల ఎత్తు దాటితే డైవింగ్ లెక్కలు మారిపోతాయి. గాలి పీడనం తక్కువ కాబట్టి, పైకి వచ్చాక ఒంట్లోని నైట్రోజన్ బుడగలయ్యే ప్రమాదం ఎక్కువ. డైవింగ్ అయిన వెంటనే విమానం ఎక్కకూడదనేదీ ఇందుకే. ఒకే రోజు రెండు మూడుసార్లు డైవింగ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. సెలవు చివరి రోజు నీళ్లలో దిగి, ఆ రాత్రే శంషాబాద్ విమానం ఎక్కాలనుకునేవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చే అన్నలకూ తమ్ముళ్లకూ ఒక మాట. ఒడ్డున దొరికిందని పగడపు రాయిని సంచీలో వేసుకుని రాకండి. రాతి పగడాలన్నింటినీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2001లోనే మొదటి షెడ్యూల్‌లో చేర్చింది, పులిని చేర్చిన షెడ్యూల్ అదే. నీళ్లలో దిగితే వాటి మీద కాలు పెట్టకండి, చేత్తో తడమకండి. పిల్లలకు చూపించడానికి ఫోటో తీసుకురండి, చాలు.